కాళ్లు పడిపోయి మూత్రం ఆగిపోతే, మీరు ఆగకండి

డాక్టరమ్మను అడగండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల శీర్షిక మొత్తం ఒకే జబ్బుకి, వెన్నుపాము వాచే ట్రాన్స్‌వర్స్ మైలైటిస్‌కి ఇచ్చేశాను. ఒడిశాలోని రాయగడ నుంచి వచ్చిన ఒక ఉత్తరం దానికి కారణం. అది చదివాక, ఇదివరకు వచ్చి పక్కన పడి ఉన్న ఉత్తరాలు తీసి చూస్తే వాటిలో కొన్ని కూడా వెన్నుపాము చుట్టూనే తిరుగుతున్నాయి. ఊళ్ల పేర్లు ఉంచాను, మనుషుల పేర్లు తీసేశాను. షుగరు, మోకాళ్ల నొప్పుల గురించి రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది రాయగడ. మా చెల్లికి 19 ఏళ్లు. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత కొన్నాళ్లకి వీపులో నొప్పి అన్నది, పొట్ట చుట్టూ ఎవరో పట్టీ బిగించినట్టుంది అన్నది. గ్యాస్ అనుకుని మాత్ర వేశాం. మర్నాటికి రెండు కాళ్లూ తిమ్మిరెక్కాయి, ఆ మర్నాటికి లేచి నిలబడలేకపోయింది, మూత్రం కూడా ఆగిపోయింది. వాతం అని నూనె రాయించాం, మంత్రం వేసే గుణియా దగ్గరికీ తీసుకెళ్లాం. వారం పోయాక వైజాగ్ తీసుకెళ్తే ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అన్నారు. ఇప్పుడు వాకరు పట్టుకుని ఇంట్లో నడుస్తోంది. ఫిబ్రవరి ఆఖరి రోజున అరుదైన జబ్బుల దినం వస్తుంది కదా, ఆ రోజు మా వీధి కుర్రాళ్లం ఫ్లెక్సీలు కట్టి ర్యాలీ తీద్దామనుకుంటున్నాం. "లక్షల్లో ఒకరికొచ్చే దానికి ర్యాలీ ఏంట్రా, డెంగీ మీద పెట్టండి" అంటున్నారు పెద్దవాళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, పెద్దవాళ్లు అడిగింది కొట్టిపారేసే మాట కాదు. ఏడాదికి పది లక్షల జనాభాలో ఒకరి నుంచి ఎనిమిది మంది వరకు ఈ జబ్బు కొత్తగా వస్తుందని లెక్క. 2011 జనాభా లెక్కల్లో రాయగడ జిల్లా మొత్తం కలిపినా పది లక్షలు లేదు. అంటే మన జిల్లాలో ఏడాదికి ఒకరో ఇద్దరో, మహా అయితే ఏడెనిమిది మందో. వాళ్ల కోసం ఊరంతా నోరు తిరగని ఒక పేరు బట్టీ పట్టాలా అంటే, అక్కర్లేదు. ఫ్లెక్సీ మీద ఆ పేరు పెద్దక్షరాల్లో వేయొద్దనే నేనూ అంటాను. మీరు వేయాల్సింది మీ చెల్లికి ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందో అది. రెండు కాళ్లూ ఒకేసారి బలం తగ్గాయి, తిమ్మిరి కింది నుంచి నడుము దాకానో పొట్ట దాకానో ఎక్కింది, మూత్రం ఆగిపోయింది. ఇవి గంటల్లోనో రోజుల్లోనో ముదురుతుంటే ఆ పూటే పెద్దాసుపత్రికి. ఇంతే రాయండి.

ఎందుకంటే ఈ లక్షణాలు ఒక్క ట్రాన్స్‌వర్స్ మైలైటిస్‌వే కావు. వెన్నుపూసకి టీబీ పట్టి వెన్నుపాముని నొక్కినా ఇవే వస్తాయి. వెన్నులో గడ్డ పెరిగినా, చీము చేరినా, డిస్క్ జారి నరాల గుత్తిని నొక్కేసినా మూత్రం ఆగుతుంది. వీటిలో కొన్నింటికి ఆపరేషను కావాలి, కొన్నింటికి మందు కావాలి, కానీ దేనికైనా ఆలస్యం చేసినకొద్దీ పోయిన కాళ్లు తిరిగి రావడం కష్టమవుతుంది. అన్నీ కలిపి చూస్తే ఇది లక్షల్లో ఒకరి మాట కాదు. పెద్దవాళ్లకి ఈ సంగతి చెప్పండి, వాళ్లే ముందు నడుస్తారు.

అసలు జబ్బేంటంటే, వెన్నుపాము చిటికెన వేలంత లావు, పెద్దవాళ్లలో 45 సెంటీమీటర్ల దాకా పొడవు. మెదడు నుంచి కాళ్లకీ మూత్రాశయానికీ వెళ్లే కబురంతా దాని లోంచే పోవాలి. జ్వరమో విరేచనాలో ఏదో ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గాక, దానితో పోరాడిన మన రోగనిరోధక శక్తే కొందరిలో పొరపాటున వెన్నుపాము మీద పడుతుంది. అక్కడ వాస్తుంది, కబురు ఆగిపోతుంది. చాలామందిలో ఎందుకొచ్చిందో కారణం దొరకదు కూడా. ఏ వయసులోనైనా రావచ్చు గానీ 10 నుంచి 19 ఏళ్ల మధ్య, మళ్లీ 30 నుంచి 39 మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే "కుర్రపిల్ల, దీనికేం జబ్బు, నాటకాలు" అని ఇంట్లోవాళ్లు తిట్టిన కేసులూ ఉన్నాయి.

ఇక ర్యాలీ సంగతి. ర్యాలీ చేసేవాళ్లకి బాగుంటుంది, చూసేవాళ్లకి ట్రాఫిక్ జామ్. అలాంటి మనిషిని మొదట చూసేదెవరో ఆలోచించండి. మందుల షాపు కుర్రాడు, ఆర్‌ఎంపీ, మాలీషు చేసేవాడు, ఆశా దీదీ, ఆటో డ్రైవరు, గుణియా. ఈ పదిమందినీ ఓ సాయంత్రం పిలిచి టీ ఇప్పించి ఈ మూడు ముక్కలు చెప్పండి, ఊరంతా తిరిగినదాని కంటే ఎక్కువ పని జరుగుతుంది. గుణియాతో గొడవ పెట్టుకోకండి. ఆయన మంత్రం ఆయన వేసుకోనీండి, మూత్రం ఆగిందని తెలిస్తే మాత్రం ముందు ఆసుపత్రికి పంపమని బతిమాలండి. నేను చూసినంతలో వాళ్లు వింటారు, తమ చేతిలో మనిషి పోవడం వాళ్లకీ ఇష్టం ఉండదు. ఇంకొకటి, తెలుగులో ఫ్లెక్సీ కడితే బజారు వీధి చదువుతుంది. కొండ దిగి సంతకి వచ్చేవాళ్లలో చాలామందికి ఒడియా చదవడం కూడా కష్టమే. బొమ్మలు వేయించండి, సంత రోజున వాళ్ల భాష కువి వచ్చినవాళ్ల చేత మైకులో చెప్పించండి.

చెల్లి ఫొటో ఫ్లెక్సీ మీద వేయాలనుకుంటున్నారేమో, ఆ పిల్లని అడిగారా? తను సరేనంటే తనే మైకు పట్టుకుని చెప్పనీండి. వద్దంటే ఇంకోసారి అడక్కండి.

ప్రశ్న: మేడమ్, నేను గుణుపురం దగ్గర ఆశా కార్యకర్తని. నడుం నొప్పి, కాళ్లు లాగడం అని రోజూ ఎవరో ఒకరు చెప్తుంటారు. అందరినీ పెద్దాసుపత్రికి పంపలేం కదా. ఇది మామూలు నొప్పి కాదని నాకెలా తెలుస్తుంది?

జవాబు: అమ్మా, నాకు బాగా నచ్చిన ఉత్తరం మీది. మీ దగ్గర పరికరాలేవీ లేకపోయినా ఇది పట్టుకోవచ్చు.

ముందు సిగ్గుపడకుండా మూత్రం గురించి అడగండి. "ఆఖరుసారి ఎప్పుడు పోశారు?" అని సూటిగా. ఆరేడు గంటలు దాటినా రాలేదు, బొడ్డు కింద చెయ్యి పెడితే గుండ్రంగా గట్టిగా తగులుతోంది అంటే మూత్రాశయం నిండిపోయింది. కొందరు "కొంచెం కొంచెం వస్తోంది" అంటారు, బట్టలు తడుస్తుంటాయి. వస్తోంది కదా అని మోసపోకండి, నిండిపోయి పొంగి కారుతోందన్నమాట.

తర్వాత ఒక స్టీలు గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, ఆ గ్లాసుని పాదం దగ్గర ఆనించి మెల్లగా పైకి తీసుకెళ్లండి. "ఇక్కడ చల్లగా ఉందా? ఇక్కడ?" అని అడుగుతూ రండి. పిక్కలు, తొడలు, బొడ్డు. ఒకచోట మనిషి "ఆ, ఇప్పుడు తెలిసింది" అంటుంది. ఒంటి మీద అలా గీత గీసినట్టు తేడా దొరికితే అది వెన్నుపామే. ఆ గీత ఎక్కడుందో చీటీ మీద రాసి పంపండి, "బొడ్డు దాకా చల్లదనం తెలియడం లేదు" అని. డాక్టరుకి అది సగం రిపోర్టు.

వేరే జబ్బులతో తేడా చెప్తాను. మామూలు పక్షవాతం ఒక వైపు చెయ్యీ కాలూ పడుతుంది, మూతి వంకరపోతుంది, మాట తడబడుతుంది. ఇందులో మొహం బాగానే ఉంటుంది. సయాటికా అయితే ఒక కాల్లోకి నొప్పి దిగుతుంది, మూత్రం మామూలే. జీబీఎస్ అనే ఇంకో జబ్బు ఉంది, అదీ పాదాల నుంచి పైకి పాకుతుంది, అందులో మూత్రం తొలి రోజుల్లో సాధారణంగా బాగానే ఉంటుంది కానీ ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. గుక్క తిప్పుకోకుండా ఇరవై దాకా అంకెలు లెక్కపెట్టమనండి, మధ్యలోనే ఊపిరి చాలకపోతే నిమిషం ఆగొద్దు. మన కొండ ఊళ్లలో ఇంకొకటి మర్చిపోకూడదు, రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి ఒళ్లు కదపలేకపోతుంటే కట్లపాము కాటు అనుకోండి. కాటు గుర్తు కనిపించకపోవచ్చు.

పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఉన్నట్టుండి కాలో చెయ్యో వాలిపోతే మీకు తెలిసిన రూలే ఉంది, వెంటనే రిపోర్టు చేయాలి, రెండు వారాల్లోపు రెండుసార్లు మలం శాంపిల్ తీయాలి. మన దేశాన్ని పోలియో లేని దేశంగా 2014 మార్చిలోనే ప్రకటించినా ఆ నిఘా ఇంకా నడుస్తోంది. ఆ దారిలో దొరికే జబ్బుల్లో ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ కూడా ఒకటి. కాబట్టి మీకిది కొత్త పనేం కాదు.

చేయకూడనివి చెప్తాను. స్పర్శ లేని కాలికి ఇసుక మూటతో, వేడినీళ్ల సీసాతో కాపడం పెట్టొద్దు. కాలుతున్నా తెలియదు. బొబ్బలెక్కి, అవి పుండ్లయి, అసలు జబ్బు తగ్గాక కూడా ఆ పుండ్లతో మంచంలో ఉండిపోయినవాళ్లున్నారు. ఊళ్లో ఎవరైనా స్టెరాయిడ్ సూది వేస్తానంటే ఆపండి, లోపల టీబీ ఉంటే అది చెలరేగిపోతుంది. బండి ఎక్కించే ముందు దగ్గర్లో ఉన్న సర్కారు ఆసుపత్రిలో మూత్రానికి పైపు వేయించండి. బరంపురమైనా వైజాగైనా మనకి గంటల ప్రయాణం, నిండిన మూత్రాశయంతో ఆ గతుకుల రోడ్డు మీద మనిషి నరకం చూస్తుంది.

అక్కడికెళ్లాక ఒక మాట గట్టిగా చెప్పమనండి, ఎమ్మారై మొత్తం వెన్నుకి తీయాలని. కాళ్లు పడిపోయాయి కదా అని నడుముకి మాత్రమే తీసి "నార్మల్" అని ఇంటికి పంపేయడం నేను చూశాను. వెన్నుపాము నడుం పైభాగంలోనే, మొదటి రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. ఈ జబ్బు ఎక్కువగా ఛాతీ వెనక భాగంలో వస్తుంది. నడుము ఫొటోలో అది ఎక్కడ కనిపిస్తుంది!

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా బాబుకి పదేళ్లు. ఇదే జబ్బని ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించాలంటున్నారు. స్టెరాయిడ్ అంటే ఒళ్లు ఉబ్బిపోతుందని, కిడ్నీలు పాడవుతాయని మా అత్తగారు ఒకటే ఏడుపు. స్కూల్లో వేసిన సూది వల్లే ఇలా అయ్యిందని మా ఆయన. మీరే చెప్పండి.

జవాబు: అత్తగారికి చెప్పండమ్మా, నెలల తరబడి మింగే స్టెరాయిడ్ వేరు, ఆసుపత్రిలో మూడు నుంచి ఐదు రోజులు సెలైన్‌లో ఇచ్చేది వేరు. మిథైల్ ప్రెడ్నిసలోన్ అంటారు, పెద్దవాళ్లకి రోజుకి ఒక గ్రాము, పిల్లలకి బరువుని బట్టి కిలోకి 30 మిల్లీగ్రాములు, గ్రాము దాటకుండా. వెన్నుపాములో వాపుని దించడానికి ఇప్పటికి మన చేతిలో ఉన్న మొదటి ఆయుధం అదే. ఆ రోజుల్లో బాబు చిరాకు పడతాడు, నిద్ర పట్టదు, ఆకలి మీద ఆకలి, నోట్లో ఇనుము రుచి. షుగరు, బీపీ చూస్తూనే ఉంటారు. టీబీ లాంటి ఇన్ఫెక్షన్ లేదని చూసుకున్నాకే మొదలుపెడతారు, వెన్ను నుంచి నీరు తీసి పరీక్ష చేసేదీ అందుకే. ఆ నీరు తీస్తే నడుం పడిపోతుందని భయపడి సంతకం పెట్టనివాళ్లు ఎంతమందో. పడిపోదు. తర్వాత మాత్రలిస్తే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించండి, మీరే ఒక్కసారిగా ఆపేయకండి. డ్రిప్‌తో గుణం కనిపించకపోతే రక్తంలోని ప్లాస్మా మార్చే చికిత్స ఉంది, మామూలుగా రోజు విడిచి రోజు ఐదు నుంచి ఏడుసార్లు చేస్తారు. ఆ సౌకర్యం పెద్ద ఊళ్లలోనే ఉంటుంది కాబట్టి ఎప్పుడు పంపిస్తారో ముందే అడిగి పెట్టుకోండి.

సూది సంగతి దాచకుండా చెప్తాను. 2020 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ కోవిడ్ టీకా పరీక్షలు కొన్నాళ్లు ఆపింది ఒక వాలంటీరులో ఈ జబ్బు లక్షణాలు కనిపించాయనే. తర్వాత యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఆ టీకా సమాచార పత్రంలో దీని గురించి హెచ్చరిక కూడా చేర్పించింది, అత్యంత అరుదుగా కనిపించిందని చెప్తూనే. కాబట్టి టీకాకీ దీనికీ సంబంధమే ఉండదని నేను అనను. కానీ మీ బాబుకి స్కూల్లో వేసింది పదో ఏట అందరు పిల్లలకీ వేసే టీడీ సూది. అది వేసిన కొన్ని వారాల్లో ఏ జబ్బు వచ్చినా దాని వల్లే అనిపించడం సహజం. దానికి ముందు జలుబు, జ్వరం, కడుపు పాడవడం ఏమైనా ఉన్నాయేమో గుర్తు తెచ్చుకోండి. అనుమానం తీరకపోతే ఏఎన్ఎంకి చెప్పి టీకా తర్వాత వచ్చిన సమస్యగా రిపోర్టు రాయించండి, దానికి ఒక పద్ధతి ఉంది. చిన్నపాపకి వేయాల్సిన టీకాలు మాత్రం డాక్టరుని అడక్కుండా మానేయకండి, కోరింత దగ్గు, ధనుర్వాతం ఎవర్నీ జాలి చూపి వదలవు.

ప్రశ్న: (ఊరు వేయొద్దన్నారు) నాకు 34 ఏళ్లు. రెండేళ్ల కింద ఈ జబ్బు వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తున్నా, వంట చేస్తున్నా, అందరూ తగ్గిపోయింది అంటారు. కానీ మూత్రం నా వశంలో లేదు. పైపు, సంచీ ఉన్నాయి. వాసన వస్తుందేమోనని పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాను. నీళ్లు తాగడం తగ్గించాను. మా ఆయనతో కూడా చెప్పుకోలేను. ఇది ఎవరినడగాలో తెలియక మీకు రాస్తున్నా.

జవాబు: అమ్మా, ఈ ఉత్తరాలన్నిట్లో దీనికే నేను ఎక్కువ చోటు ఇవ్వాలనుకున్నాను, ఎందుకంటే నడక గురించి అందరూ అడుగుతారు, దీని గురించి ఎవరూ అడగరు, డాక్టర్లు కూడా.

నీళ్లు తగ్గించడం ముందు మానేయండి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి వాసన ఇంకా పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, రాళ్లు పడతాయి. పగలంతా కొద్దికొద్దిగా తాగండి, సాయంత్రం దాటాక తగ్గించండి.

రెండోది, ఎప్పుడూ లోపలే ఉండే పైపు మీకు అవసరమో లేదో యూరాలజీ డాక్టరుని అడగండి. చేతులు బాగా పనిచేస్తున్నాయి కదా, వంట చేస్తున్నారు. అలాంటివాళ్లకి దానికంటే మంచి పద్ధతి ఉంది. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మీరే ఒక సన్నటి గొట్టం పెట్టుకుని మూత్రం తీసేసి, గొట్టం బయటికి తీసేయడం. మిగతా సమయంలో ఒంటి మీద పైపూ ఉండదు, సంచీ ఉండదు. ఆసుపత్రిలో లాగా అన్నీ సూక్ష్మక్రిమి లేకుండా ఉండాలని భయపడతారు, అక్కర్లేదు, శుభ్రంగా ఉంటే చాలని 1972లోనే అమెరికాలో జాక్ లాపిడెస్ అనే డాక్టరు చూపించాడు. ఆ పద్ధతితో ప్రపంచమంతా లక్షల మంది ఉద్యోగాలు చేసుకుంటున్నారు, ప్రయాణాలు చేస్తున్నారు.

చేసే తీరు ఇది. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మొదట్లో కాళ్ల మధ్య చిన్న అద్దం పెట్టుకుని చూసుకోవాలి, అలవాటయ్యాక వేలితోనే చోటు తెలుస్తుంది. గొట్టానికి జెల్లీ రాసి మెల్లగా తోయాలి, మూత్రం రావడం మొదలయ్యాక ఇంకొంచెం లోపలికి. ధార ఆగాక నెమ్మదిగా వెనక్కి లాగుతుంటే మిగిలిందీ వస్తుంది. ఒకసారికి 400, 500 మిల్లీలీటర్లు దాటుతుంటే మధ్య గంటలు తగ్గించాలి. వారం పాటు కొలత గ్లాసు పెట్టుకుని చిన్న పుస్తకంలో రాయండి. ఇది చదివి నేర్చుకునేది కాదు, నర్సు దగ్గర కూర్చుని చేతితో నేర్చుకోవాలి, కాబట్టి ఓపీకి వెళ్లినప్పుడు "నేర్పించండి" అని అడగండి. మూత్రం కొంచెం మబ్బుగా ఉందని యాంటీబయోటిక్ కొనుక్కోకండి, చలిజ్వరం వస్తే మాత్రం కల్చర్ పరీక్ష చేయించుకున్నాకే మందు వాడాలి. ఏడాదికోసారి కిడ్నీల స్కానింగ్.

జబ్బు ఛాతీ పైభాగంలోనో మెడలోనో వచ్చినవాళ్లకి ఇంకో హెచ్చరిక. మూత్రం నిండిపోతే ఉన్నట్టుండి తలపగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు, బీపీ పైకి. తలనొప్పి మాత్ర వెతుక్కోకుండా మనిషిని లేపి కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, ముందు మూత్రం తీయాలి, పైపు ఉంటే మెలికపడిందేమో చూడాలి. అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రికి.

మీ ఆయనకి చెప్పలేనన్నారు. ఈ పేజీ మడిచి ఆయన చేతిలో పెట్టండి.

ప్రశ్న: జయపురం నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి 24. జబ్బు వచ్చి తగ్గింది, నడుస్తోంది. సంబంధాలు వస్తున్నాయి. మళ్లీ వస్తుందా? వాళ్లకి చెప్పాలా? పిల్లలు పుడతారా?

జవాబు: ఇది అంటుకునేది కాదు, తల్లి నుంచి బిడ్డకి పోయేదీ కాదు. గర్భం రావడానికి ఈ జబ్బు అడ్డం కాదు, కాకపోతే ప్రసవం పెద్దాసుపత్రిలో, ఈ సంగతి తెలిసిన డాక్టరు దగ్గర జరగాలి.

మళ్లీ రావడం గురించి మాత్రం ఒక పరీక్ష ఫలితం చూడకుండా నేను జవాబు చెప్పను. చాలామందికి జీవితంలో ఒక్కసారే వస్తుంది. కానీ కొందరిలో అది ఇంకో జబ్బుకి మొదటి మెట్టు. వాటిలో మనం ముఖ్యంగా వెతకాల్సింది ఎన్ఎంవో. అందులో వెన్నుపాము, కంటి నరం రెండూ దెబ్బతింటాయి, ఆడవాళ్లలో చాలా ఎక్కువ, మందు వాడకపోతే మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఎంతో కొంత పోతుంది. దాన్ని పట్టిచ్చే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ 2004లో దొరికింది, ఇప్పుడది మామూలు రక్త పరీక్షే. మాగ్ అనే ఇంకో యాంటీబాడీ పరీక్ష కూడా దాంతోపాటే చేస్తారు. ఎమ్మారైలో వాపు మూడు పూసల పొడవు, అంతకంటే ఎక్కువ ఉంటే ఇది తప్పక చేయించాలి. ఫైలు తీసి చూడండి, ఆ రిపోర్టు లేకపోతే సంబంధాల కంటే ముందు ఆ పని. పాజిటివ్ వస్తే భయపడకండి, మళ్లీ రాకుండా ఆపే మందులున్నాయి, అజాథయోప్రిన్ మాత్రలు, రిటుక్సిమాబ్ ఇంజెక్షన్లు. ఈ మందులు వాడుతూ గర్భం ప్లాన్ చేసుకునేటప్పుడు డాక్టరుని ముందే కలవాలి. ఒక కన్ను మసకబారి నొప్పి పెట్టినా, రోజుల తరబడి ఎక్కిళ్లో వాంతులో ఆగకపోయినా గ్యాస్ అనుకోవద్దు, ఈ జబ్బు మెదడు కింది భాగానికి వస్తే అలాగే మొదలవుతుంది.

చెప్పాలా అంటే చెప్పాలి. పెళ్లయ్యాక మాత్రలు దాచుకుని వేసుకునే ఆడపిల్లలు నాకు తెలుసు, మొదట మానేసేది ఆ మాత్రే. అమ్మాయికి నచ్చిన సమయంలో, అమ్మాయే చెప్పనీండి. పెద్దలు మధ్యవర్తి చేత చెప్పిస్తే తిమ్మిరి కాస్తా పక్షవాతమై, మర్నాటికి ఊరు దాటుతుంది.

ప్రశ్న: కాశీనగరం. వైజాగ్ ఆసుపత్రిలో మా ఒడిశా కార్డు పనిచేస్తుందా? ఆరోగ్యశ్రీ రాదంటున్నారు.

జవాబు: ఆంధ్ర ప్రభుత్వ పథకం అక్కడి కార్డున్నవాళ్లకే, సరిహద్దుకి ఇవతల ఉన్న మనకి రాదు. 2025 నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ కలిసింది కాబట్టి ఆ కార్డు చేయించుకోండి, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకి ఇంకో 5 లక్షలు. వేరే రాష్ట్రానికి వెళ్లేముందు మీ కార్డు అక్కడ, ఆ ఆసుపత్రిలో, ఆ చికిత్సకి చెల్లుతుందా అని మూడూ ఫోన్ చేసి అడగండి, ఆటో దిగాక కాదు. అడ్మిషన్ చీటీ రాయించే ముందే కార్డు చూపించాలి, డబ్బు కట్టేశాక తిరిగి ఇవ్వమంటే చాలాచోట్ల ఇవ్వరు. వైకల్యం మిగిలిపోతే యూడీఐడీ కార్డుకి, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా సౌకర్యాలు వస్తాయి, మన దగ్గర మధుబాబు పింఛనుకి కూడా ఆ సర్టిఫికెట్ అడుగుతారు.

ప్రశ్న: మేడమ్, నేను బరంపురంలో డిగ్రీ రెండో ఏడు. నాకు మెడ దగ్గర వచ్చింది. నాలుగు నెలలైంది. నడుస్తున్నాను కానీ కుడిచేత్తో పెన్ను గట్టిగా పట్టుకోలేను. ఇక ఇంతేనా? ఫిజియోథెరపీ మానేద్దామా అనిపిస్తోంది. పరీక్షలు కూడా దగ్గరపడుతున్నాయి.

జవాబు: నాలుగు నెలలకే ఇంతేనా అని ఎవరన్నారు బాబూ? ఈ జబ్బు వచ్చినవాళ్లలో మూడో వంతు మంది దాదాపు పూర్తిగా కోలుకుంటారు, మూడో వంతు మందికి ఎంతో కొంత లోపం మిగులుతుంది, మిగతావాళ్లకి పెద్దగా గుణం కనిపించదు అని పాత లెక్క ఒకటుంది. నువ్వు నడుస్తున్నావంటే ఆ చివరి గుంపులో లేవు. కోలుకోవడం ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగదు, రెండేళ్ల దాకా కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. ఫిజియోథెరపీ మానేస్తే వేళ్లు బిగుసుకుపోతాయి, అప్పుడు నరం బాగుపడినా వేలు కదలదు. రోజూ పిండి ముద్ద పిసకడం, చొక్కా గుండీలు నువ్వే పెట్టుకోవడం, బియ్యంలో చెయ్యి పెట్టి నాణేలు ఏరడం చెయ్యి. లావు పెన్ను కొనుక్కో, లేదా మామూలు పెన్నుకి గుడ్డ చుట్టు. మధ్యాహ్నం ఎండలో, స్నానానికి వేడినీళ్లు పోసుకున్నాక బలం తగ్గినట్టు అనిపిస్తే టెన్షన్ పడకు, ఒళ్లు చల్లబడగానే మళ్లీ వస్తుంది.

నీరసం, దిగులు కూడా ఈ జబ్బులో భాగమే. రాత్రిళ్లు నిద్ర పట్టక అదే ఆలోచన తిరుగుతుంటే న్యూరాలజీ డాక్టరుకి చెప్పు, దానికీ మందుంది.

పరీక్షలకి సర్కారు నియమాల్లో దారి ఉంది. రాయలేని ఇబ్బంది ఉందని ప్రభుత్వాసుపత్రి సర్టిఫికెట్ ఇస్తే నువ్వు చెప్తుంటే రాసే మనిషిని పెట్టుకోవచ్చు, గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇస్తారు. ఆ సర్టిఫికెట్‌కి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చాలా రోజులు తిరగాల్సి రావచ్చు, పరీక్ష ఫీజు కట్టేటప్పుడే కాలేజీలో అర్జీ కూడా ఇవ్వాలి. ఈ సోమవారమే మొదలుపెట్టు, రాసేవాడిగా నీకంటే కింది తరగతి చదివే కుర్రాణ్ణి ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.